నెలవంక అచ్చుకు మూడు గాట్లు

ఖాదర్‌వలి కఫ్ని అడుగుతూనే ఉన్నాడు. గురువు లేదనలేదు, ఇవ్వనూ లేదు.

కఫ్ని అంటే ఫకీరు వేసుకునే తెల్లబట్ట. దానికి కుట్టు ఉండదు. నడుమ తల దూరేంత చీలిక ఉంటుంది, అంతే. శవానికి కప్పే బట్టను ఎలా చించుతారో దీన్నీ అలాగే చించుతారు. అది ఒంటిమీద పడ్డనాటి నుంచి ఆ మనిషి లోకానికి పోయినవాడు. అతనికి ఎవరూ ఏమీ కారు. అతనూ ఎవరికీ ఏమీ కాడు.

ఖాదర్‌వలి కోరుకున్నది సరిగ్గా ఆ మాటే.

చీరాల దాటాక, మగ్గాల చప్పుడు ఆగిపోయి ఇసుక మొదలయ్యేచోట, జీడిమామిడి తోటల మధ్య లాలుసాహెబు తకియా ఉండేది. తకియా అంటే ఫకీరు తల దాచుకునే చోటు. రెండు గదుల పెంకుటిల్లు, ముందు వసారా, వసారా చివర ఒక బండ. ఆ గురువు లాలుసాహెబే; ఆయన్ను అందరూ బాబయ్య అనేవారు. వయసులో ఉన్నన్నాళ్ళూ ఆయన సాంబ్రాణి ధూపం పట్టుకుని కొట్టుకొట్టుకూ తిరిగాడు. మోకాళ్ళు అరిగాక తిరగడం మాని, కూర్చుని చేసే పని ఒకటి ఎంచుకున్నాడు. పండగ శుభాకాంక్షల కార్డులు చేయడం మొదలుపెట్టాడు. రంజానుకూ, క్రిస్మస్‌కూ, ఉగాదికీ ఆ తకియా కార్డులే ఆ చుట్టుపక్కల బట్టల కొట్లలో అద్దాల వెనక వేలాడేవి.

పని చూడటానికి తేలిక. దళసరి కాగితాన్ని కొలతకు కోస్తారు. చేతి ప్రెస్సులో డై అనే కత్తి అచ్చు పెట్టి, కాగితం మీద ఒత్తితే నెలవంకో నక్షత్రమో ఆకారంగా తెగుతుంది. తర్వాత టేకు చెక్కలో చెక్కిన అచ్చులను సిరా మెత్తకు తాకించి, అంచుల వెంట తీగలూ పూలూ అద్దుతారు. తెగిన ముక్కను తీసేసిన చోట కిటికీ తెరుచుకుంటుంది. దాని వెనక రంగు కాగితం అతికిస్తారు.

ఖాదర్‌వలి ఆ పనికి కొత్తవాడు కాడు. విజయవాడలో ఒక పెళ్ళికార్డుల ప్రెస్సులో డైలు చేసేవాడు. పలుచని ఉక్కు పట్టీని బొమ్మ అంచు వెంట వంచి, చెక్కలో దింపి, గీతను కత్తిగా మార్చడం అతని విద్య. అతను చేసిన డై తెంపిన అంచు మీద వేలు పెడితే కాగితం తెగిందన్న సంగతి వేలికే తెలిసేది కాదు.

అతనికి గౌసియా అని ఒక కూతురు ఉండేది. ఒక వేసవిలో ఆ పిల్లకు జ్వరం వచ్చింది. అది ముహూర్తాల కాలం, ప్రెస్సులో ఊపిరాడని పని. ఈ ఒక్క డై అయిపోతే ఆసుపత్రికి తీసుకెళదామని భార్యతో అన్నాడు. అది అయింది. ఇంకొకటి వచ్చింది. జ్వరమేగా అన్నాడు. తీసుకెళ్ళేసరికి మించిపోయింది.

పిల్లను సొంత ఊరికి తెచ్చి మట్టిలో పెట్టారు. నలభయ్యో నాటి ఫాతెహా ముగిసిన సాయంత్రం, వచ్చినవాళ్ళ చెప్పులు ఇంకా గుమ్మంలో ఉండగానే, ఖాదర్‌వలి బయటికి నడిచాడు. నడుచుకుంటూ తకియాకు వచ్చాడు. మళ్ళీ వెనక్కి వెళ్ళలేదు. ఆ గోరీ వైపు కూడా వెళ్ళలేదు.

"మీ ఆవిడ నిన్ను ఏమన్నా అందా?" అని బాబయ్య అప్పట్లోనే అడిగాడు.

"ఒక్క మాట అనలేదు బాబయ్యా. అంటే బాగుండేది."

అతని దుఃఖానికి ఏడుపు లేదు. అది ఎండిపోయిన బావిలాంటిది. తొంగిచూస్తే అడుగు కనపడుతుంది, చేద వేస్తే శబ్దం వస్తుంది, నీరు మాత్రం రాదు. నమాజులో వంగేవాడు, లేచేవాడు. పెట్టింది తినేవాడు. పని చేసేవాడు. తనలో ఇంకా ఏదో మిగిలి ఉందని ఎవరైనా అంటే, ఆ మిగిలినదాన్ని కూడా తెంపేసుకోవాలన్న ఒక్క కోరికే మిగిలింది.

"నాలో ఇంకేం లేదు బాబయ్యా. అంతా తెగిపోయింది. ఆ బట్ట కప్పండి."

"అంతా తెగినవాడికి బట్ట ఎందుకురా?"



ఇంకోసారి అడిగితే బాబయ్య, "మన్ను కావాలిగా," అన్నాడు.

ఆ తకియాకు ఒక ఆచారం ఉండేది. కఫ్ని వేసేనాడు ఆ మనిషి ఇంటి నుంచి దగ్గరివాళ్ళొకరు రావాలి. తమ ఇంటి మన్ను పిడికెడు తెచ్చి, అతని భుజం మీద చల్లి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోవాలి. అప్పుడే అతను పోయినట్టు.

"ఎవరితోనైనా కబురు పంపించండి. తెస్తుంది."

"నేను పంపను. బట్ట కావలసింది నీకు. అడగాల్సింది నువ్వు."

అక్కడే అంతా ఆగిపోయేది. తెంపుకోవాలంటే ఎవరి ముఖం చూడలేక పారిపోయి వచ్చాడో ఆ ముఖం ముందే నిలబడి అడగాలి. ఖాదర్‌వలి అడగలేకపోయాడు.

అడగడానికి దూరం పోవలసిన పని కూడా లేదు. అతని భార్య మౌలాబీ ప్రతి గురువారం తకియాకు వచ్చేది. బస్సు దిగి, ఇసుకలో నడిచి వచ్చి, వసారా చివరి బండ మీద కూర్చునేది. ఒళ్ళో క్యారేజీ ఉండేది. ఖాదర్‌వలి లోపలి గదిలోంచి కదిలేవాడు కాడు. పొద్దు వాలాక ఆమె క్యారేజీని అచ్చులు అద్దే కాశింబీ చేతిలో పెట్టి వెళ్ళిపోయేది.

కాశింబీ పెద్దావిడ. బాబయ్యకు పెదనాన్న కూతురు. భర్త పోయాక తకియాలోనే ఉండిపోయింది. వంట ఆమెదే, అచ్చులూ ఆమెవే, నోరూ ఆమెదే.

"ఇదిగో అబ్బాయ్, మీ ఆవిడ వంకాయ కూర తెచ్చింది. తింటావా, గోడకి పెట్టమంటావా?"

"మీరు తినండి పెద్దమ్మా."

"నేను తింటానే ఉన్నా. నీ పేరు చెప్పి లావెక్కుతున్నా. ఇంతకీ ఆ పిల్ల నాతో ఏం చెప్పదు. 'నీతో చెప్పేది కాదత్తా, ఆయనతోనే చెప్పాలి' అంటది. ఒక్కసారి బయటికొచ్చి ఆ మాటేందో వినరాదూ?"

"నాకు తెలుసు పెద్దమ్మా. ఇంటికి రమ్మంటుంది."

"అన్నీ తెలిసినోడివి ఫకీరువి ఎందుకవుతావు, పీరువే అవ్వు," అని కాశింబీ క్యారేజీ మూత తీసుకుని పోయేది.

ఆ ఏడు రంజాను నెల దగ్గరపడుతుండగా బాబయ్య అతన్ని పిలిచి, "ఈసారి కార్డుకు కొత్త డై చెయ్యి. జాలీ కిటికీ, నడుమ నెలవంక. నీ ఇష్టం," అన్నాడు.

ఖాదర్‌వలి ఆ పని మీద పడ్డాడు. చాలా కాలం తర్వాత అతని చేతులు అతనికన్న ముందు లేచాయి. ఉక్కు పట్టీ వంపుల్లో చిన్న చిన్న నక్షత్రాలు కూర్చాడు. వాటి మధ్య సన్నని నెలవంకను నిలిపాడు. ఎక్కడ పట్టీ పట్టీని కలుస్తుందో అక్కడ వెంట్రుక దూరే సందు లేదు. మనిషిలో అన్నీ చచ్చిపోయినా చేతి గర్వం ఒకటి ఆఖరున చస్తుందేమో. డై ముగించి వెలుతురులో తిప్పి చూసుకున్నప్పుడు అతని ముఖంలో కొంత కళ కనబడింది.

బాబయ్య దాన్ని చేతుల్లోకి తీసుకుని, అంచు మీద బొటనవేలు ఆనించీ ఆనించక నడిపాడు.

"గాట్లు పెట్టలేదే?"

డై చేసేవాళ్ళందరికీ తెలిసిన సంగతి అది. కత్తి అంచు మీద అక్కడొకటి ఇక్కడొకటి సన్నని గాటు పెడతారు. ఆ గాటు ఉన్నచోట కాగితం తెగదు. వెంట్రుకంత పోగు మిగిలి, ముక్కను చుట్టూ ఉన్న కాగితానికి పట్టి ఉంచుతుంది. పని అంతా అయ్యాక వేలితో నెడితే ఊడి వస్తుంది.

"అక్కర్లేదు బాబయ్యా. గాటు పెడితే అంచున నూగు మిగులుద్ది. మా ప్రెస్సులో దాన్ని చేతకాని పని అనేవాళ్ళం. ఇది ఒక్క ఒత్తుడికే సాఫుగా తెగుద్ది. ఎక్కడా అంటుకుని ఉండదు."

"అలాగా," అని బాబయ్య డై తిరిగి ఇచ్చేశాడు.

ప్రెస్సు పిడి తిప్పారు. కోత సాఫుగానే పడింది. కాగితాన్ని ఎత్తగానే నక్షత్రాలు జలజల రాలిపోయాయి. నెలవంక డైలోనే ఇరుక్కుపోయింది. దాన్ని గోటితో పీకి ఇంకో కాగితం పెడితే, కనబడకుండా దాక్కున్న నక్షత్రమొకటి దాని మీద నలిగి గుంట పడింది. ముక్కలన్నీ పోయిన జాలీ, ఎముకలు తీసేసిన చేపలా వేలాడింది. దాన్ని అరచేతుల మీద మోసుకుంటూ కాశింబీ బల్ల దాకా తెచ్చేసరికి ఒక మూల చిరిగింది.

కాశింబీ అచ్చును సిరాకు తాకించి అంచు మీద పెట్టి నొక్కింది. కింద ఆనిక లేని జాలీ కుంగింది. సిరా సందుల్లోంచి వెనక్కి పాకింది. తీగ అద్దవలసిన చోట మరక మిగిలింది.

ఆమె ఇంకొకటి అద్దింది. ఇంకో మరక.

"ఏమయ్యా ఖాదరూ, కత్తికింత పదునేంది? కసాయి కొట్టు పెట్టుకోకపోయావా?"

"అచ్చు మెల్లగా ఆనించండి పెద్దమ్మా."

"గాలి మీద అద్దమంటావా? అచ్చు పడేదాకా ముక్క కదలకూడదు నాయనా. కాగితానికి ఒళ్ళుండాలి. ఒళ్ళు లేకపోతే అచ్చు ఎక్కడ ఆనుద్ది?"

"అయితే ముందు అద్ది, తర్వాత కోద్దాం."

"ఆరని సిరా మీద ప్రెస్సు పడితే పూలన్నీ పేడకళ్ళయితయి. ఆరాక పెడితే కాగితం వంకర్లు పోయి కోత గురి తప్పుద్ది. ఇన్నేళ్ళ నుంచి చేస్తున్నా, నాకు చెబుతున్నావా? మీ బెజవాడలో ఎట్టా చేస్తారంట?"

"మెషీన్ల మీద చేస్తారు."

"అయితే పోయి మెషీన్‌తోనే కాపరం చెయ్యి," అనేసి, ఆ మాట నోరు దాటాక కాశింబీ నాలుక కరుచుకుంది. ఖాదర్‌వలి వంగి, నేల మీద రాలిన నక్షత్రాలను ఏరడం మొదలుపెట్టాడు. అవి గోళ్ళకు అందలేదు. నేలకు అరచేయి ఆనించి అద్దుకుని తీశాడు. ఎందుకు ఏరుతున్నాడో, ఏరి ఏం చేస్తాడో అతనికీ తెలియదు.

అంతదాకా గోడకు ఆనుకుని చూస్తున్న బాబయ్య, "ఆ డై ఇటివ్వు," అన్నాడు.

ఇచ్చాడు. బాబయ్య దాన్ని ఒళ్ళో పెట్టుకున్నాడు. పక్కనున్న పెట్టెలోంచి మూడంచుల ఆకురాయి తీశాడు. నెలవంక వీపు మీద, ఆ కొస దగ్గర, ఈ కొస దగ్గర గుర్తు చూసుకున్నాడు. తర్వాత ఉక్కు అంచు మీద ఆకురాయి పెట్టి అడ్డంగా రాశాడు.

ఆ చప్పుడు ఖాదర్‌వలి పళ్ళలోకి వెళ్ళింది. "బాబయ్యా," అన్నాడు. బాబయ్య ఆగలేదు. ఒక గాటు పడింది. ఉక్కు పొడి ఆయన లుంగీ మీద రాలింది. రెండో గాటు. ఖాదర్‌వలి చేయి సాచి, మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు. ఆ డైలో తనకు మిగిలిన ఒకేఒక్క మంచి సంగతి పోతున్నట్టు చూశాడు. మూడో గాటు కూడా పడింది. ఆ తర్వాత ప్రతి నక్షత్రానికీ ఒకటి.

బాబయ్య లేచి, తానే కాగితం పెట్టి, పిడి తిప్పాడు. కాగితాన్ని ఒక మూల పట్టుకుని పైకి ఎత్తాడు. దులిపాడు. ఏదీ రాలలేదు. కోత ఎక్కడ పడిందో దగ్గరగా చూస్తే తప్ప తెలియనట్టు, నెలవంక తన చోట తాను ఉంది.

కాశింబీ ముందు పెట్టాడు. ఆమె అంచుల వెంట తీగ అద్దింది, పూలు అద్దింది. ఎక్కడా మరక లేదు. ఆరడానికి ఎండలో పెట్టారు. మధ్యాహ్నం దాటాక బాబయ్య ఆ కార్డు తెచ్చి ఖాదర్‌వలి చేతిలో పెట్టాడు.

"తియ్యి."

ఖాదర్‌వలి నెలవంక మీద బొటనవేలు పెట్టి నెట్టాడు. అది కాస్త వంగి ఆగింది. ఇంకొంచెం నెట్టాడు. ఒక కొస విడిచింది. వీపు దగ్గరి పోగు విడవలేదు. ఎప్పుడో మరచిపోయిన ఒక లాగుడు వేలి చివర తగిలి, చేయంతా పాకింది. పాలపన్ను ఊడబీకించుకునేప్పుడు పిల్ల తన వేలు పట్టుకున్న పట్టు అది. ఖాదర్‌వలి వేలు తీసేశాడు. ముక్క సగం లేచి, సగం పట్టుకుని, అలాగే ఉంది.

అతను కార్డును బల్ల మీద పెట్టేశాడు.

"నాకు కఫ్ని ఇవ్వరన్నమాట," అన్నాడు. గొంతులో మొదటిసారి కోపం వినిపించింది. "ఆ మాట నేరుగా చెప్పొచ్చుగా బాబయ్యా. ఇన్నాళ్ళు తిప్పడం దేనికి? నేనేం బతుకు అడగలా. చావు అడిగా. అదీ ఇవ్వరా?"

కాశింబీ అచ్చులు తుడవడం ఆపింది.

బాబయ్య ముఖం మారలేదు. "ఇవ్వనని ఎవరన్నారు? రేపు గురువారం. బట్ట చించి ఉంచుతా. ఆవిడొస్తుంది, మన్ను అడుగు. తెచ్చిందా, ఆ పూటే కప్పుతా."

తిట్టినా బాగుండేది. ఆ మాటలో తిట్టు లేదు, ఓదార్పు లేదు. మరుసటి రోజు పొద్దున్నే బాబయ్య నిజంగానే తెల్లబట్ట కొలిచి, నడుమ చీలిక పెట్టి, మంచం మీద పరిచాడు.

మౌలాబీ ఎప్పటిలాగే వచ్చి బండ మీద కూర్చుంది. ఖాదర్‌వలి గడప దాటాడు. ఏడాది పైన అయింది ఆమెను చూసి. ఆమె చెవులకు కమ్మలు లేవు. చెంపల దగ్గర జుట్టు తెల్లబడింది. అతన్ని చూసి లేచి నిలబడింది. సంతోషించలేదు, ఏడవలేదు. బస్సు కోసం చాలాసేపు నిలబడ్డవాళ్ళు చివరికి బస్సు కనబడితే ఎలా చూస్తారో అలా చూసింది.

"బాగున్నావా?" అంది.

అతను ఆ ప్రశ్నకు ఆగలేదు. ఆగితే అడగలేడు. "మౌలా, నాకొక సాయం చెయ్యాలి. నేను కఫ్ని కట్టుకుంటున్నా. ఇంటి మన్ను పిడికెడు తెచ్చి నా మీద చల్లాలి. అంతే. మళ్ళీ నువ్విట్టా రానక్కర్లా."

మౌలాబీ అతని నోటి వంక చూసింది.

"ఏ ఇంటి మన్ను?"

"మన ఇంటిది."

"అద్దిల్లు ఎప్పుడో ఖాళీ చేశానయ్యా. మా అక్క ఇంటో ఉంటన్నా. వాళ్ళది సిమెంటు గచ్చు." ఆమె క్యారేజీని బండ మీద పెట్టింది. "మన్ను అడుగుతున్నావా నన్ను! ఇన్ని వారాల నుంచి నేను మన్ను కోసమే కదా నీ దగ్గరికొస్తంది."

ఖాదర్‌వలికి అర్థం కాలేదు.

"పిల్ల గోరీ కుంగిపోయింది," అంది మౌలాబీ. "పోయిన వానలకే. తలవైపు ఇంత గుంట పడింది. ఆడోళ్ళు లోపలికి పోకూడదంటారుగా మనూళ్ళో. గోడ ఇవతల నించొని చూస్తా. మా బావని మన్ను పోయమని అడిగా. 'తండ్రి ఉండగా నేనెట్టా పోస్తా' అన్నాడు. మళ్ళీ అడిగా. 'అసలు అతను ఉన్నాడా పోయాడా, అది తేల్చుకుని రా' అన్నాడు. నాకేం చెప్పాలో తెలవలా."

ఆమె గొంతు పెంచలేదు. ఏదో పని వివరం చెబుతున్నట్టు చెప్పింది.

"నిన్ను ఇంటికి రమ్మని రాలేదు. ఇల్లే లేదు, రమ్మని ఎక్కడికి పిలుస్తా? నువ్వు పోయినోడివైతే ఆ ముక్క చెప్పు. బావతో పోయించుకుంటా. ఉన్నోడివైతే నువ్వు రా. వానలు మళ్ళీ పట్టేట్టున్నయ్. లోపలికి నీళ్ళు దిగుతయ్."

జీడిమామిడి ఆకుల్లో గాలి తిరిగింది. లోపల కాశింబీ అచ్చు మీద అచ్చు కొట్టే చప్పుడు ఆగిపోయింది.

ఖాదర్‌వలి పోయినవాడినని చెప్పడానికి నోరు తెరిచాడు. ఏడాదిగా అతను సిద్ధం చేసుకున్న మాట అదొక్కటే. అది రాలేదు. ఆమె ఎదురు చూసింది. తొందరపెట్టలేదు; ఏ జవాబు వచ్చినా తీసుకుపోవడానికి సిద్ధపడి వచ్చిన మనిషిలా నిలబడింది.

అతను లోపలికి వెళ్ళాడు. మంచం మీద తెల్లబట్ట పరిచి ఉంది. దాని పక్కన బాబయ్య తస్బీ పూసలు తిప్పుకుంటూ కూర్చుని ఉన్నాడు.

"పార ఉందా బాబయ్యా?" అన్నాడు ఖాదర్‌వలి.

బాబయ్య తలుపు మూల వైపు చూపించాడు.

"గంప కూడా పట్టుకుపో," అంది కాశింబీ, ముఖం అటు తిప్పుకుని.

పిల్లను పెట్టిన సొంత ఊరి ఖబరస్తాన్ గోడ నడుము ఎత్తుది. ఖాదర్‌వలి ఒక్కడే లోపలికి నడిచాడు. గోరీ అతను అనుకున్నదానికన్న చిన్నది. ఎంత చిన్నదో అతను మరచిపోయాడు. తలవైపు నేల దిగిపోయి, అందులో వాననీరు ఎండిన చార ఉంది. అతను దాని పక్కన కూర్చోలేదు. కూర్చుంటే లేవలేనని తెలుసు.

గోడ అవతల దిబ్బ మీంచి మౌలాబీ గంపకెత్తింది. గోడ మీదుగా అందించింది. అతను అందుకున్నాడు. పోశాడు. ఖాళీ గంప తిరిగి ఇచ్చాడు.

"ఇంకోటి?" అంది.

"ఇంకోటి."

పొద్దు వాలేదాకా వాళ్ళు మాట్లాడుకున్నది ఆ ఒక్క మాటే. చివరి గంప అందించేటప్పుడు ఆమె వేళ్ళు గంప అంచును వెంటనే వదల్లేదు. అతనూ లాక్కోలేదు. ఒక క్షణం ఇద్దరూ ఆ బరువును పట్టుకుని ఉన్నారు. అప్పుడు మౌలాబీ ఏడ్చింది. అతనికి ఏడుపు రాలేదు. మన్ను పోసి, పార వెనకతో సరిచేసి, అక్కడే నిలబడ్డాడు.

మర్నాడు మధ్యాహ్నం పార భుజాన వేసుకుని తకియాకు తిరిగి వచ్చాడు. ముఖంలో వెలుగేమీ లేదు. కళ్ళు గుంటలు పడి ఉన్నాయి. బాబయ్య వసారాలో కూర్చుని కాగితాలు కొలత చూసుకుంటున్నాడు. కఫ్ని మాట ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు.

"నిండిందా?" అన్నాడు బాబయ్య.

"నిన్న నిండింది బాబయ్యా. పొద్దున పోయి చూస్తే మళ్ళీ కొంచెం దిగింది."

ఖాదర్‌వలి పారను తలుపు మూల పెట్టడానికి వంగాడు.

"దిగుద్ది. ఇసుక నేల," అన్నాడు బాబయ్య. "పార నీ దగ్గరే ఉంచుకో."